ఓడలకు అలవాటైన కెమెరా

మా నాన్న వెల్డరు. గాజువాకలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఆయన చేతి మీదుగా పోయిన ఇనుము ఈ ఊళ్లో ఎక్కడెక్కడ ఉందో ఆయనకు ఇప్పటికీ గుర్తే. బస్సులో పక్కన కూర్చుంటే చాలు, ఒక స్కూలు గేటు, ఒక నీళ్ల ట్యాంకు నిచ్చెన, కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర ఒక లాడ్జి మెట్లు, అన్నీ చూపించుకుంటూ పోతాడు. వాటి మీద మా ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా శ్రీహరికోట మెట్ల మీదే.

నేను బడికి పోయే రోజుల్లో వాళ్ల షాపుకు ఒక ఆర్డరు వచ్చిందట. రాకెట్టు ఎగిరే చోట ఒక వరస మెట్లు, రెండు పక్కలా రైలింగు. ముక్కలుగా చేసి లారీలో పంపించారట. అందులో ఎడమపక్క రైలింగంతా మా నాన్న ఒక్కడే వెల్డింగు చేశాడట. దానికి కాగితం ముక్క లేదు, ఫొటో లేదు. షాపు కూడా ఎప్పుడో మూతపడింది. ఇంటికి ఎవరొచ్చినా టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు రైలింగు కథ వచ్చేసేది. టీవీలో రాకెట్టు ఎగిరినప్పుడల్లా మా అక్క, "నాన్నా, నీ రైలింగు కాలిపోతంది సూడు" అనేది. అందరం నవ్వేవాళ్లం, ఆయన కూడా నవ్వేవాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఆ కథ నిజమని నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు.

నేను ఫొటోగ్రాఫరును. మల్కాపురంలో చిన్న స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, పాస్‌పోర్టు ఫొటోలు. అవి అన్నం పెట్టే పనులు. నాకు ఇష్టమైన పని ఓడలు తీయడం. ఆదివారం ఆరాధన కాగానే యారాడ ఘాట్ రోడ్డు మలుపులో నిలబడితే, పోర్టులో చోటు కోసం వరుసగా లంగరు వేసుకున్న ఓడలు కనిపిస్తాయి. ఎనిమిదేళ్లుగా వాటిని తీస్తున్నాను. ఎందుకంటే ఓడ మెల్లగా పోతుంది, కోప్పడదు, మేకప్ చెరిగిపోయిందని మళ్లీ తీయమనదు. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది గానీ, ఓడల దగ్గర నాకు కోపం వచ్చిన గుర్తు లేదు.

నాన్న కళ్ల సంగతి ఆయనే ముందు కనిపెట్టాడు. రెండేళ్ల కిందట ఒకరోజు పొద్దున్నే కిటికీ గ్రిల్ ముందు నిలబడి, ఇది వంగిపోయింది, ఎవరు గుద్దారని అడిగాడు. అది ఆయన చేతులతో చేసిన గ్రిల్. ఎవరూ గుద్దలేదని చెప్పినా వినలేదు. దారం తెచ్చి పైనుంచి కిందకు లాగి పట్టుకున్నాడు. గ్రిల్ కడ్డీ దారానికి ఆనుకుని తిన్నగా ఉందని నేను చెప్పాను. ఆయన దారాన్ని కూడా చూశాడు. దారం కూడా వంకరగానే కనిపించింది. దారం చుట్టి జేబులో పెట్టుకుని, "అయితే కడ్డీ బాగానే ఉంది, నాకే ఏటో అయింది" అన్నాడు.

డాక్టరు రెండు కళ్లూ చూశాడు. చూపులో మధ్యభాగం పోతోందని, అంచులు మిగులుతాయని చెప్పాడు. ఇంజెక్షన్లు వేస్తే కాస్త ఆలస్యం అవుతుందే గానీ ఆగదన్నాడు. ఎన్నాళ్లని నేను అడిగితే చెప్పలేనన్నట్టు చెయ్యి ఊపాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాన్న ఎన్ఏడీ జంక్షన్ దాటాక అన్నాడు.

"ఒరే, అది ఎగరడం ఒక్కసారి సూడాలని ఉందిరా."

అది అంటే ఏదో నేను అడగలేదు.

అప్పటి నుంచి నాకు ఒకటే పని. రాకెట్టును ఆయనకు కనబడేంత పెద్దగా ఫొటో తీయాలి. ఆయన్ని అంత దూరం తీసుకెళ్లినా అక్కడ ఆయనకు ఏం కనిపిస్తుంది, నేనే వెళ్లి తీసుకొచ్చి చూపిస్తానని ఇంట్లో చెప్పేశాను. మధ్యలో చూపు సన్నగిల్లిన మనిషికి చిన్నది కనిపించదు కాబట్టి పెద్దది చేసి చూపించాలి. ఇంత సులువైన లెక్క ఇంకొకటి లేదనుకున్నాను.

లెన్సుల కోసం గోపాలపట్నం వెళ్లాను. అక్కడ కెమెరాలు, లెన్సులు అద్దెకిచ్చే స్నేహితుడొకడు ఉన్నాడు. వాడు నన్ను బావా అంటాడు, నేను వాణ్ని బావా అంటాను, మా మధ్య చుట్టరికం మాత్రం ఏమీ లేదు. వాడి షాపులో ఆరు వందల మిల్లీమీటర్ల లెన్సు ఉంది. మా ఇంటి రోకలిబండ అంత ఉంటుంది. మిల్లీమీటర్లు పెరిగే కొద్దీ దూరంలో ఉన్నది దగ్గరికొస్తుంది, చుట్టూ ఉన్నది పోతుంది. అంతే లెన్సుల శాస్త్రం. ఆ లెన్సు వెనక డబ్లరు అనే ముక్క తగిలిస్తే ఆరు వందలు పన్నెండు వందలు అవుతుంది. వెలుగు తగ్గుతుంది, బొమ్మ కొంచెం మెత్తబడుతుంది, అయినా పెద్దదవుతుంది. నాకు అదే కావాలన్నాను.

ఎంత దూరం నుంచి తీస్తావని బావ అడిగాడు. పులికాట్ సరస్సు ఇవతలి ఒడ్డు నుంచి, పదిహేను కిలోమీటర్ల పైమాటే అన్నాను. వాడు డబ్లరు నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు. అంత దూరం నీళ్ల మీద నుంచి చూస్తే గాలి ఊగుతుందని, పెద్దది చేసే కొద్దీ ఆ ఊగడం కూడా పెద్దదవుతుందని చెప్పాడు. అది నాకు కొత్తేమీ కాదు. మధ్యాహ్నం పూట ఓడల్ని తీస్తే వేడి పెనం మీది గాలిలోంచి చూసినట్టే ఉంటాయి. సాయంత్రం ఎగిరే రాకెట్టు కోసం ఆగుతానన్నాను. అప్పుడు వాడు ఇంకో మాట అన్నాడు.

"బావా, అంత దగ్గరకి లాగితే రాకెట్టే వత్తాది, ఆకాశం రాదు. పెళ్లికొడుకు ముక్కు తీసి పెళ్లి ఫొటో అంటావేటి? నీ దగ్గర గ్రూపు ఫొటోలు తీసే వైడ్ లెన్సు ఉంది కదా, అదట్టుకెళ్లు."

వాడు చెప్పింది మా నాన్న కళ్ల సంగతి ఆలోచించి కాదు, మామూలు ఫొటో కోసం. నేను కొట్టిపారేశాను. ఆ వైడ్ లెన్సు అమ్మాయి తరఫు వాళ్లనీ అబ్బాయి తరఫు వాళ్లనీ ఒకే స్టేజీ మీద ఇరికించడానికి పనికొస్తుంది. అందులో రాకెట్టు తీస్తే అగ్గిపుల్ల తల అంత కనిపిస్తుంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. డబ్లరు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

ఇక స్టాండు. మామూలు ట్రైపాడ్లు ఆ బరువుకు ముందుకు వాలిపోతాయి. నా ఓడల స్టాండు నాన్న చేసిందే. ఇనప పైపులతో మూడు కాళ్లు, పైన ఒక పాత బేరింగు. కెమెరా పెట్టి వేలితో నెడితే ఈ చివర నుంచి ఆ చివరకు వెన్నలా తిరుగుతుంది. పైకీ కిందకీ వంచడానికి ఒక బోల్టు ఉంది. ఆ బోల్టు సడలితే లెన్సు ముక్కు కిందకు దిగిపోతుంది. అందుకని కొత్త లెన్సు ఎక్కించాక, కదలకుండా బిగించమని నాన్నకిచ్చాను. ఆయన కళ్లు మూసుకునే ఆ పని చేయగలడు. పంతొమ్మిదో నంబరు స్పానరు తీసుకుని, నట్టును వేళ్లతో తడిమి, చివరి తిప్పు ఒళ్లంతా పెట్టి తిప్పాడు. తరవాత లెన్సు మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. వెంట్రుకవాసి కదల్లేదు. ఇద్దరికీ తృప్తిగా అనిపించింది.

ఆ ఆదివారమే యారాడ మలుపులో పరీక్ష పెట్టాను. సాయంత్రం వెలుగులో ఒక ఎర్ర ఓడ దొరికింది. దాని కటకటాలు, తుప్పు చారలు, పైన ఆరేసిన చొక్కాలు కూడా వచ్చాయి. దూరపు కొండలు నునుపు అన్నవాడి దగ్గర పన్నెండు వందల మిల్లీమీటర్లు ఉండి ఉండవు. ఇంటికి రాగానే లాప్‌టాప్‌లో తెర నిండా ఓడను పెట్టి నాన్న ముందుంచాను. ఆయన తెరకు ఎదురుగా కూర్చుని, తిన్నగా చూసి, "బాగుందిరా" అన్నాడు. ఇంకా పెద్దది చేసి, చొక్కాలు కనిపించాయా అన్నాను. ఆ, బాగున్నాయి అన్నాడు. ఆ మాట అనడానికి కాస్త టైము పట్టిందని నాకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

ఇక్కడ చర్చి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నాకు ముందే తెలుసు. కళ్లు పాడైన దగ్గర నుంచి నాన్న చర్చిలో కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. పాస్టరు గారు ఒకసారి నన్ను పక్కకు పిలిచి, మీ నాన్న గారికి నా వాక్యం మీద మనసు లేనట్టుందే అని నవ్వుతూనే అడిగారు. నాన్నని అడిగితే, కిటికీ వైపు తిరిగితే పాస్టరు గారు పక్కనుంచి కనిపిస్తారని చెప్పాడు. ఆ సంగతి విన్నాను, పాస్టరు గారికి చెప్పాను, అక్కడితో మర్చిపోయాను. రోజూ చూపుతోనే బతికేవాణ్ని, అంత దగ్గర ఉన్నది నాకు తట్టలేదు.

సాయంత్రం పూట ప్రయోగం ఉందని తెలిసిన రోజున నాన్న సంచి సర్దుకున్నాడు. నేనొక్కణ్నే వెళ్తున్నానని గుర్తుచేశాను. ఆయన వినలేదు. అంత దూరం వచ్చి ఏం చూస్తావు నాన్నా అని అరిచాను. అలా అనకూడదు, అనేశాను. ఆయన కోప్పడలేదు.

"నాను సూత్తానో నేదో నాకు ఒగ్గీ. నువ్వు టిక్కెట్టు తీయి."

టిక్కెట్లు తీశాక ప్రయోగం వాయిదా పడింది. నేను సంచి ఖాళీ చేసి లెన్సు బావకు తిరిగిచ్చేశాను. నాన్న మాత్రం తన సంచి విప్పలేదు. పదిహేను రోజులు అది గుమ్మం పక్కనే ఉంది. అందులోంచి రెండో చొక్కా కూడా తీసుకోకుండా, ఉన్న చొక్కాలే తిప్పి తిప్పి వేసుకున్నాడు. ఈలోగా ఆయన గ్లాసు కోసం చెయ్యి చాచి పక్కన తడమడం రెండుసార్లు చూశాను. నాకు భయం వేసింది. ఇంకోసారి వాయిదా పడితే ఆయన చూపు ఆగుతుందా అని లెక్కలు వేసుకుంటూ ఉండేవాణ్ని.

మళ్లీ తేదీ వచ్చింది, లెన్సు మళ్లీ అద్దెకు తెచ్చాను. దువ్వాడలో రైలెక్కి పొద్దున గూడూరులో దిగి, అక్కడి నుంచి ప్యాసింజరులో సూళ్లూరుపేట చేరాం. స్టాండు నా భుజం మీద, లెన్సు పెట్టె నాన్న ఒళ్లో. రైల్లో ఎవరో అదేమిటని అడిగితే ఆయన లెన్సు గురించి రెండు మాటలు, రైలింగు గురించి ఇరవై మాటలు చెప్పాడు. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను.

సరస్సు ఒడ్డున ఒక ఊరి బయట గట్టు మీద చోటు చూసుకున్నాం. అప్పటికే జనం చేరుతున్నారు. పిల్లలతో వచ్చినవాళ్లు, ఐస్‌క్రీం బండి, కారు టాప్ ఎక్కి కూర్చున్న కాలేజీ కుర్రాళ్లు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తిని నేను స్టాండు నిలబెట్టాను. లెన్సులోంచి చూస్తే నీళ్లవతల చెట్ల వరస, దాని పైన సన్నటి స్తంభాలు, వాటి మధ్య రాకెట్టు నెత్తి. ఎండకు అన్నీ వణుకుతున్నాయి గానీ కనిపిస్తున్నాయి. కనిపించింది కనిపించినట్టు నాన్నకు చెప్పాను.

మెట్లు కనిపిస్తున్నాయా అని అడిగాడు. లేదన్నాను. ఎడమపక్క చూడమన్నాడు. కిందంతా చెట్లే అన్నాను. సరే అన్నాడు గానీ, నేను ఇంకోసారి చూడలేదని ఆయనకు తెలిసే ఉంటుంది.

పొద్దు వాలుతుంటే ఆయన చేతులు రెండూ తొడల మీద పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. పనిచేసే మనిషిని అలా కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. సంచిలో నా పాత కెమెరా ఉంది. దానికి ఆ గ్రూపు ఫొటోల వైడ్ లెన్సు తగిలించే ఉంది, తియ్యడానికి బద్ధకించి అలాగే తెచ్చాను. దాన్ని గట్టు మీద ఒక రాయికి ఆనించి, ఆకాశం వైపు ఎత్తి పెట్టి, రిమోట్ వైరు ఆయన చేతికిచ్చాను. ఆ రిమోట్ లాక్ ఎప్పుడో విరిగిపోయింది. బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టరు తెరిచి ఉంటుంది, వేలు తీస్తే మూసుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆ ఫొటో మీద నాకు ఏ ఆశా లేదు. ఆయనకు ఒక పని ఉంటుందని ఇచ్చానంతే. వెలుగు రాగానే నొక్కు, నేను చెప్పేదాకా వదలొద్దు అన్నాను. ఆయన బటన్‌ను బొటనవేలితో రెండుసార్లు తడిమి చూసుకుని, సరే అన్నాడు.

చీకటి పడుతుండగా ఎవరి ఫోన్లోంచో లెక్కపెట్టడం వినిపించింది. జనం కూడా గొంతు కలిపారు. నేను లెన్సుకు కన్ను ఆనించాను.

ముందు వెలుగు వచ్చింది, చప్పుడు లేదు. చెట్ల వరస నల్లగా మారింది, దాని వెనక తెల్లగా, తర్వాత పసుపుగా ఉబ్బింది. రాకెట్టు చెట్ల మీదకు లేచింది. నా ఫ్రేములో అది నేను అనుకున్నంత పెద్దదిగానే ఉంది. షట్టరు నొక్కాను. మూడు అంకెలు లెక్కపెట్టేలోపు రాకెట్టు ఫ్రేము పై అంచు దాటి పోయింది.

కెమెరాను పైకి ఎత్తబోయాను. కదల్లేదు. బలంగా ఎత్తాను. స్టాండు కాలు గట్టు మీద జారింది గానీ బోల్టు కదల్లేదు. అప్పుడు అర్థమైంది. ఓడ ఎటు పోయినా అడ్డంగానే పోతుంది. ఎనిమిదేళ్లుగా నా కెమెరా అడ్డంగా తిరగడమే నేర్చుకుంది. నా చెయ్యీ అంతే. పైకి వెళ్లేదాన్ని తీయడానికి వచ్చి, పైకి వంచే బోల్టును ఒళ్లు పెట్టి బిగింపజేసుకున్నాను. పంతొమ్మిదో నంబరు స్పానరు నాలుగు వందల మైళ్ల అవతల కూర్మన్నపాలెంలో, మా వరండాలో, రేకు డబ్బాలో ఉంది.

నట్టును వేళ్లతో తిప్పబోయాను. గోరు లేచిపోయింది. స్టాండు ముందు కాలు పట్టుకుని మొత్తాన్ని వెనక్కి వంచాను. లెన్సులో ఒకసారి వెలుగు అడ్డంగా దూసుకుపోయింది, అంతే. తల తిప్పి చూస్తే నాన్న రాకెట్టు వైపు చూడటమే లేదు. నా వైపు తిరిగి కూర్చుని, తిన్నగా నాకేసి చూస్తున్నాడు. సరస్సంతా ఎర్రగా వెలుగుతోంది, జనమంతా పైకి చూస్తున్నారు, ఈయన మాత్రం నా తంటా చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నన్నేటి సూత్తావు నాన్నా, అటు సూడు" అని అరిచాను.

ఆయన తల తిప్పలేదు. అప్పుడు చప్పుడు వచ్చింది. నీళ్ల మీద నుంచి నడిచి వచ్చినట్టు వచ్చి, గట్టు కింద నుంచి కాళ్లలోకి ఎక్కింది. మాటలు వినిపించడం మానేశాయి. నేను స్టాండు వదిలేసి గట్టు మీద చతికిలబడ్డాను. రాకెట్టు కుడివైపు వంగి, చిన్నదై, సముద్రం మీదకు పోయింది. చుక్కలా మిగిలి, అదీ పోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఐస్‌క్రీం బండివాడు గంట మోగించాడు. నేను ఏడ్చాను. ఆయన కోసమని వచ్చి, నా వల్లే ఏమీ లేకుండా పోయిందని ఏడ్చాను.

జనం సగం వెళ్లిపోయాక పక్కనుంచి నాన్న గొంతు వినిపించింది.

"ఒరే, ఇప్పుడు ఒగ్గీమంటావేటి?"

ఏం వదలాలో నాకు ముందు అర్థం కాలేదు. ఆయన చేతిలో రిమోట్ ఉంది. బొటనవేలు బటన్ మీదే ఉంది, గోరు తెల్లబడిపోయింది. ఎందుకు ఇంతసేపు పట్టుకున్నావన్నాను.

"ఒగ్గీమని నువ్వు సెప్పనేదు కదా."

వదిలెయ్యమన్నాను. షట్టరు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఆ కెమెరా వైపు నేను చూడను కూడా లేదు, సంచిలో పడేశాను. ఇంతసేపు తెరిచి ఉంచితే అంతా తెల్లగా పోయి ఉంటుందనుకున్నాను. తిరుగు రైల్లో పెద్ద కెమెరాలో, మంట వెలుగుకు తెల్లటి మచ్చలైపోయిన మొదటి రెండింటినీ, తర్వాతి ఖాళీ ఆకాశాలనూ ఒక్కొక్కటే తుడిచేశాను. నాన్న పై బెర్తులోని మనిషికి రైలింగు కథ చెప్పలేదు. నేను పడుకునేదాకా కూర్చుని, బొటనవేలు నొక్కుకుంటూ ఉన్నాడు.

రెండు రోజుల తర్వాత ఒక పెళ్లి ఫొటోలు ఎక్కించడానికి పాత కెమెరా కార్డు స్టూడియో కంప్యూటర్లో పెట్టాను. పెళ్లి ఫొటోల చివర అది ఉంది.

కింద సరస్సు, నల్లటి చెట్ల వరస. చెట్ల మధ్యలోంచి ఒక గీత లేచింది. మొదట తిన్నగా, తర్వాత మెల్లగా వంగుతూ, ఫొటో కుడి అంచు దాకా. ఎక్కడా తెంపు లేదు. నీళ్లలో దాని నీడ కూడా అలాగే వంగి ఉంది. పొద్దు అప్పటికే కుంకింది కాబట్టి కాబోలు, ఆకాశం తెల్లగా పోకుండా లేత నీలంగా మిగిలింది. నేను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నా జీవితంలో అంత మంచి ఫొటో నేను తీయలేదు. అది కూడా నేను తీసింది కాదు. ఏ ఒక్క క్షణం ఆయన వేలు సడలినా ఆ గీత అక్కడ తెగేది.

స్కూటరు మీద ఇంటికెళ్లి నాన్నని మల్కాపురం తీసుకొచ్చాను. స్టూడియోలో ఉన్న పెద్ద తెర ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆయన తెర వైపు కాసేపు తిన్నగా చూశాడు. తర్వాత మొహం తిప్పి, పక్కన నిలబడ్డ నాకేసి చూడటం మొదలుపెట్టాడు. ఫొటో అటుంది నాన్నా అని భుజం పట్టుకుని తిప్పబోయాను. ఆయన నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"తెలుసురా. తిన్నగా సూత్తే మజ్జిలో ఏటీ ఉండదు. నీకేసి సూత్తేనే అది అగుపడతాది. ఆవేళ కూడా అంతే."

నాకు సిగ్గేసింది. ఆ గట్టు మీద ఆయన నాకేసి చూసినంతసేపూ రాకెట్టును చూస్తున్నాడు. నేను అరిచినట్టు అటు తిరిగి ఉంటే ఏమీ చూసేవాడు కాదు. తెర నిండా పెట్టి చూపించిన ఎర్ర ఓడ గుర్తొచ్చింది. దాన్ని నేను సరిగ్గా ఆయనకు చూపు లేని చోట పెట్టి, ఇంకా ఇంకా పెద్దది చేశాను. ఆయన నా మనసు నొప్పించలేక బాగుందన్నాడు. ఆ మాట అడిగాను. అవునన్నాడు, చొక్కాలు ఉన్నాయని నువ్వు చెప్పబట్టి తెలిసిందన్నాడు.

నాకేసి చూస్తూనే ఆయన ఆ గీతను కింద నుంచి పైదాకా చూశాడు. చాలాసేపు చూశాడు. వెల్డింగు చేసినచోట కరిగి గట్టిపడిన గీతను ఆయన ఎప్పుడూ అలాగే చూసేవాడు, వేలు పెట్టకుండా, ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఆపకుండా ఒక్క ఊపులో వేసిన అలాంటి గీతను వెల్డర్లు రన్ అంటారు.

"ఒకటే రన్" అన్నాడు. "ఎక్కడా తెగనేదు."

అది ఆయనే పట్టుకున్నాడని చెప్పాను. నువ్వు చెప్పావు, నేను పట్టుకున్నాను అన్నాడు. ఆ తర్వాత కుర్చీలోంచి లేచి, తెర దగ్గరకు వెళ్లి, మొహం ఇంకా నా వైపే ఉంచి, చెయ్యి మాత్రం పక్కకు చాచాడు. చూపుడువేలు తెర మీద తడుముకుంటూ కిందకు దిగింది. గీత చెట్లలోంచి లేచే చోటుకు వచ్చి, అక్కణ్నుంచి కాస్త ఎడమకు జరిగి ఆగింది.

"మెట్లు ఇక్కడ."

ఆ చోట ఫొటోలో నల్లటి చెట్లు తప్ప ఏమీ లేవు. నేను వంగి చూశాను. ఈసారి రెండోసారి కూడా చూశాను. అక్కడే ఉన్నాయి నాన్నా అన్నాను. మా ఇంట్లో ఆ మాట ఆయనతో ఎవరైనా అనడం అదే మొదటిసారి. ఆయన వేలు తియ్యకుండా, నాకేసి చూస్తూ అలాగే నిలబడ్డాడు.